రావుల్ కుతార్: పైకప్పుకు తిప్పిన దీపాలు, ఆలస్యంగా వచ్చిన అవార్డులు

ఫ్రెంచి కెమెరామన్ రావుల్ కుతార్ సినిమాల జాబితా పక్కన ఆయన అవార్డుల జాబితా పెట్టి చూస్తే, అవి ఇద్దరు వేర్వేరు మనుషులవేమో అనిపిస్తుంది. కుతార్ పేరు చెప్పగానే సినిమా చదువుకున్నవాళ్లకు గుర్తొచ్చేవి 1959కీ 1967కీ మధ్య దర్శకులు గొదార్, త్రూఫో, దెమీలతో చేసినవి. కెమెరా పనికి దక్కిన పెద్ద గుర్తింపులు మాత్రం 1978లో గానీ మొదలు కాలేదు. ఆ ఏడాది ‘ల క్రాబ్ తాంబూర్’కు ఫ్రాన్సు జాతీయ సినిమా అవార్డు సెజార్ వచ్చింది. 1982లో ‘పాసియోఁ’కు కాన్ ఉత్సవంలో సాంకేతిక బహుమతి, 1983లో ‘ప్రెనోఁ కార్మెన్’కు వెనిస్‌లో సాంకేతిక విలువల బహుమతి, 1997లో అమెరికన్ సినిమాటోగ్రాఫర్ల సంఘం వారి అంతర్జాతీయ పురస్కారం వచ్చాయి. అంతకు ముందు 1970లో కాన్‌లో తొలి చిత్ర బహుమతి, జాఁ విగో బహుమతి కూడా ఉన్నాయి. అయితే అవి ఆయన దర్శకత్వం వహించిన ‘హోవా బిన్’ సినిమాకు ఇచ్చినవి.

ఇందులో కొంత తప్పు క్యాలెండరుది. సెజార్ అవార్డులు మొదలైందే 1976లో. మిగతాది ఆ రోజుల్లో ‘మంచి ఫొటోగ్రఫీ’ అంటే ఉన్న అభిప్రాయానిది. స్టూడియోలో పెరిగిన కెమెరామన్ లెక్క ప్రకారం కిటికీ తెల్లగా పేలిపోవడం, నటుడు నడుస్తుంటే మొహం మీద వెలుగు మారిపోవడం, గ్రెయిన్ (బొమ్మలో ఇసుకలాంటి చుక్కలు) కనిపించడం అన్నీ తప్పులే. కుతార్ 1960ల సినిమాల్లో ఈ మూడూ ఉన్నాయి, అదీ తెలిసి ఉంచినవి. ఆయన పని గురించి మాట్లాడేటప్పుడు చాలామంది చేతిలో ఊగే కెమెరా దగ్గరే ఆగిపోతారు. నిజానికి అది ఆయన పనిలో చిన్న భాగం. అసలు మార్పు లైటింగ్ లెక్కలో ఉంది. వెలుగును నటుడికి కట్టడం మానేసి గదికి ఇచ్చాడు, అలా మిగిలిన సమయాన్ని దర్శకుడి చేతిలో పెట్టాడు. 1978 తర్వాత వచ్చిన అవార్డుల వెనక ఉన్నదీ ఆ లెక్కే.

కుతార్ 1924 సెప్టెంబరు 16న పారిస్‌లో పుట్టాడు. రసాయనశాస్త్రం చదవాలనుకున్నాడు, డబ్బు సరిపోక ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. ఫ్రెంచి సైన్యంతో ఇండోచైనా (ఇప్పటి వియత్నాం, దాని పొరుగు దేశాలు) వెళ్లి మొత్తం 11 ఏళ్లు అక్కడే గడిపాడు. ముందు సైనిక సమాచార శాఖకు ఫొటోలు తీశాడు, తర్వాత ‘పారీ మాచ్’ లాంటి పత్రికలకు. యుద్ధం తీసే ఫొటోగ్రాఫర్ వెంట లైట్లు రావు, రెండో టేక్ ఉండదు. ఉన్న వెలుగుకు ఏ ఫిల్ము, ఏ అపెర్చరు (లెన్సు ఎంత తెరవాలి), ఎంతసేపు డెవలప్ చెయ్యాలి అన్న మూడు ప్రశ్నలే అతని చేతిలో ఉంటాయి. రసాయనాల మీద ముందునుంచీ ఉన్న ఆసక్తి ఈ మూడో ప్రశ్న దగ్గర పనికొచ్చింది.

సినిమాలోకి రావడం మాత్రం పొరపాటున జరిగింది. ఇండోచైనాలో పరిచయమైన పియేర్ షోండోర్‌ఫేర్, నిర్మాత జార్జ్ ద బోర్‌గార్ కోసం అఫ్ఘానిస్తాన్‌లో తీసే ‘లా పాస్ ద్యు దియాబ్ల్’కు రమ్మని పిలిచాడు. స్టిల్ ఫొటోలు తియ్యడానికేనని కుతార్ అనుకున్నాడు. తీరా చూస్తే సినిమా కెమెరా తనే నడపాలి, అప్పటిదాకా దాన్ని ముట్టుకుని ఎరగడు. అదే బోర్‌గార్ 1959లో గొదార్ తొలి సినిమాకు కుతార్‌ను పెట్టాడు. ఆ జోడీని నిర్మాత కుదిర్చాడు, దర్శకుడు ఏరికోరి తెచ్చుకోలేదు.

‘బ్రెత్‌లెస్’ పేరుతో మనకు తెలిసిన ‘ఆ బూ ద్ సూఫ్ల’ 1959 ఆగస్టు, సెప్టెంబరుల్లో సుమారు 4 వారాల్లో పూర్తయింది. గొదార్‌కు కావలసింది వార్తాచిత్రంలా ఉండే సినిమా. కెమెరా చేతిలో ఉండాలి, లైట్లు ఉండకూడదు. పగలు వీధిలో ఇది కష్టం కాదు. చిక్కంతా రాత్రి వీధుల్లో, హోటలు గదుల్లో. అప్పట్లో దొరికే సినిమా నెగటివ్‌తో వీధిదీపాల కింద బొమ్మ పడదు. స్టిల్ ఫొటోగ్రాఫర్‌గా ఏ ఫిల్ము ఇష్టమని గొదార్ అడిగితే కుతార్ చెప్పిన పేరు ఇల్ఫర్డ్ హెచ్‌పీఎస్, 400 ఏఎస్‌ఏ. ఫిల్ము ఎంత తక్కువ వెలుగులో పనిచేస్తుందో చెప్పే అంకె అది, దాన్నే స్పీడు అంటారు.

ఆ ఫిల్మును ఇల్ఫర్డ్ సినిమా కోసం తయారు చెయ్యడం లేదు. స్టిల్ కెమెరాలవాళ్లు తమ క్యాసెట్లు తామే నింపుకోవడానికి 17.5 మీటర్ల చుట్టలుగా అమ్మేది. సినిమా వేగం సెకనుకు 24 ఫ్రేములు, 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.4 మీటర్లు నడుస్తుంది. అంటే 17.5 మీటర్ల చుట్ట 38 సెకన్లలో అయిపోతుంది. అందుకని చుట్టలు ఒకదానికొకటి అతికించి సినిమా రీలుగా చేశారు. 120 మీటర్ల మ్యాగజైన్ నిండాలంటే 7 చుట్టలు కావాలి, మధ్యలో 6 అతుకులు వస్తాయి. ఇదంతా కటిక చీకట్లో, వేళ్లతో తడుముకుంటూ చెయ్యాలి. అతుకు కాస్త వంకరైతే గేటులో ఫిల్ము ఎగురుతుంది, మందమైతే ఇరుక్కుంటుంది. 38 సెకన్లు దాటిన ఏ షాట్‌లోనైనా అతుకు ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది. ఆ సినిమాలో పేరుపడ్డ జంప్ కట్లకు ఈ అతుకులే కారణమనుకునే అవకాశం ఉంది. అది నిజం కాదు. తొలి కూర్పు బాగా పొడవెక్కితే, షాట్ల మధ్య భాగాలు కోసి గంటన్నరకు దించడంలో పుట్టినవి అవి.

రెండో చిక్కు ఫిల్ము అంచున ఉండే రంధ్రాలతో వచ్చింది. స్టిల్ ఫిల్ము రంధ్రాల ఆకారం సినిమా నెగటివ్ రంధ్రాల్లా ఉండదు. రంధ్రంలో పిన్ను బిగుతుగా కూర్చునే స్టూడియో కెమెరాల్లో ఆ ఫిల్ము సరిగా నిలవదు, బొమ్మ వణుకుతుంది. ఆ రంధ్రాలకు అన్నిటికంటే దగ్గరగా సర్దుకుపోయేది ఎక్లేర్ కామెఫ్లెక్స్ కెమెరా ఒక్కటే. చేతిలో పట్టుకోవడానికి కుతార్‌కు కావలసిన కెమెరా కూడా అదే కావడం అదృష్టం. భుజానికి ఆనుతుంది, లెన్సు గుండానే చూసి ఫోకస్ చెయ్యొచ్చు, మ్యాగజైన్ క్షణాల్లో మారుతుంది. కానీ కుట్టుమిషన్ లాంటి చప్పుడు. దాని పక్కన మైకు పెట్టి లాభం లేదు. అందుకే సినిమా మొత్తం మూగగా తీసి తర్వాత డబ్బింగ్ చెప్పించారు. గొదార్ షాట్ నడుస్తుండగానే నటులకు డైలాగు అందించగలిగింది కూడా ఆ చప్పుడు పుణ్యమే. శబ్దం ఎలాగూ పనికిరాదని అందరికీ తెలుసు.

మూడో చిక్కు ఫిల్ము కడిగే ల్యాబ్. ఫెనిడోన్ అనే రసాయనం ఉన్న డెవలపర్‌లో హెచ్‌పీఎస్ బాగా పలుకుతుందని స్టిల్ ఫొటోగ్రాఫర్లకు తెలుసు. జీటీసీ ల్యాబ్ రసాయన నిపుణుడితో కలిసి పరీక్షలు చేస్తే స్పీడు రెట్టింపై 800కు చేరింది. పెద్ద ల్యాబ్ యంత్రం గంటకు 3,000 మీటర్లు కడుగుతుంది, ఊళ్లో అందరి ఫిల్మూ ఒకే తొట్టిలో, ఒకే రసాయనంలో. రోజుకు వెయ్యి మీటర్లు కూడా తీసుకురాని కొత్త దర్శకుడి కోసం ఒక యంత్రం ఆపి రసాయనం మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు. జీటీసీ నేలమాళిగలో పరీక్షలకు వాడే పాత యంత్రం ఒకటి దాదాపు మూలనపడి ఉంది. దాన్ని వీళ్లకు వదిలేశారు. ఆ పాత యంత్రమే లేకపోతే ఈ పథకం మొత్తం కాగితం మీదే మిగిలిపోయేది.

ఇంత యాతన ఎందుకో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 100 ఏఎస్‌ఏ ఫిల్ముతో, 24 ఫ్రేముల వేగంలో, ఎఫ్ 2.8 అపెర్చరుకు (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది) సుమారు 1,000 లక్సుల వెలుగు కావాలని పాత లెక్క (లక్సు అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత). ఆ రోజుల్లో రంగుల నెగటివ్ స్పీడు 50, అంటే 2,000 లక్సులు దాటాలి. 800 స్పీడుతో ఎఫ్ 2కు తెరిస్తే 70 లక్సులు చాలు. తేడా దాదాపు 30 రెట్లు. దుకాణం అద్దంలోంచి వీధిలోకి పడే వెలుగు, కేఫ్‌లో తల మీద వేలాడే బల్బు ఈ 70కి అందుతాయి. 2,000కి అందవు. పారిస్‌లో షాంజెలీజే వీధి మీద జనం కెమెరాను చూడకుండా కుతార్‌ను తపాలా బండిలో దాచి తోసుకెళ్లారు, ట్రాలీ బదులు చక్రాల కుర్చీ వాడారు. ఈ కథలు అందరూ చెప్పుకుంటారు. అవి సాధ్యమైంది మాత్రం వెంట జనరేటరు బండి రానక్కరలేకపోవడం వల్ల.

అయితే ఉన్న వెలుగుతోనే సరిపెట్టుకోవడం అన్నిసార్లూ కుదరదు. 1961లో వచ్చిన ‘యున్ ఫామ్ ఎత్ యున్ ఫామ్’ దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. రంగుల సినిమా, స్కోప్ (వెడల్పు తెర), స్టూడియో సెట్. పైగా గొదార్ ఆ సెట్‌ను నిజం ఇంటిలాగే, కదలని గోడలతో, పైకప్పుతో సహా కట్టించాడు. స్టూడియో సెట్‌కు పైకప్పు ఉండదు, ఆ ఖాళీలో వంతెనలు వేసి లైట్లు వేలాడదీస్తారు. పైకప్పు వేస్తే పాత పద్ధతి మొత్తం బయటే ఉండిపోతుంది. కుతార్ జవాబు సులువైంది. ఫొటోఫ్లడ్ దీపాలను గోడల పైఅంచున వరసగా పెట్టి పైకప్పు వైపు తిప్పాడు. తెల్ల పైకప్పే ఒక పెద్ద దీపమైంది.

ఈ పద్ధతి పని తీరును కాస్త దగ్గరగా చూడాలి. 5 మీటర్లు పొడవు, 4 మీటర్లు వెడల్పు ఉన్న గది అనుకుందాం. 500 వాట్ల ఫొటోఫ్లడ్ ఒక్కోటి సుమారు 17,000 ల్యూమెన్లు ఇస్తుంది. 10 దీపాలు పెడితే 1,70,000. పైకప్పుకు తగిలి, గోడలకు తగిలి మనిషి ఎత్తుకు చేరేసరికి అందులో 40 శాతం మిగిలిందనుకుంటే, 20 చదరపు మీటర్లకు పంచగా 3,400 లక్సులు. 50 స్పీడు రంగుల ఫిల్ముతో ఎఫ్ 3.5 దాకా మూసి తియ్యొచ్చు. అదే 10 దీపాలను నేరుగా నటుడి మీద పెడితే ఇంకా ఎక్కువ వెలుగు వస్తుంది గానీ, దీపానికి 2 మీటర్ల దూరం నుంచి 4 మీటర్లకు నటుడు నడిస్తే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పైకప్పు వెలుగులో గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచినా తేడా ఒక స్టాప్ (వెలుగు రెట్టింపో సగమో అయ్యేంత తేడా) లోపే ఉంటుంది. నేల మీద సుద్దగీతలు అక్కరలేదు. కెమెరా ఎటు తిరిగినా స్టాండు కనపడదు. షాటుకూ షాటుకూ మధ్య లైట్లు సర్దే గంట మాయమవుతుంది. గొదార్ లాంటి దర్శకుడికి, పొద్దున రాసుకొచ్చిన సీను మధ్యాహ్నానికి మార్చేసే మనిషికి, ఆ గంటే ముఖ్యం.

చెడేదీ ఇక్కడే. వెలుగంతా పైనుంచి దిగుతుంది కనుక కళ్ల గుంటలు నల్లబడతాయి, కంట్లో మెరుపు ఉండదు. గోడలు కూడా తెల్లగా ఉంటే అవి పక్కనుంచి కొంత తిరిగి ఇచ్చి ఆ నలుపును నింపుతాయి. ముదురు రంగు గోడలున్న గదిలో ఈ పద్ధతి తేలిపోతుంది. పైకప్పు పాతబడి పసుపెక్కి ఉంటే ఆ పసుపంతా మొహాల మీదికి దిగుతుంది. నలుపు తెలుపులో ఫరవాలేదు, రంగుల్లో ల్యాబ్ కూడా పూర్తిగా దిద్దలేదు. పైకప్పు మరీ కిందికి ఉంటే దీపం చుట్టూ తెల్లటి మరక పడుతుంది, వైడ్ లెన్సులో అది కనిపిస్తుంది. ఫొటోఫ్లడ్ అంటే వోల్టేజి మించి మండించే బల్బు, ఆయుష్షు 6 గంటల లోపే. ముసలిదయ్యేకొద్దీ ఎర్రబడుతుంది. 110 వోల్టుల దీపానికి ఒక్క వోల్టు తగ్గితే రంగు సుమారు 10 కెల్విన్లు ఎరుపు వైపు జరుగుతుంది, కాబట్టి కొత్తదీ పాతదీ ఒకే వరసలో కలపకూడదు. ఇక కరెంటు సంగతి. 10 దీపాలంటే 5 కిలోవాట్లు, 220 వోల్టుల మీద 23 ఆంపియర్లు. 110 వోల్టులే ఉన్న పాత ఇళ్లలో 45 దాటుతుంది. మామూలు ఇంటి ఫ్యూజు మొదటి టేక్‌లోనే ఎగిరిపోతుంది.

ఈ ఆలోచన కుతార్ ఒక్కడిదే అనడం కుదరదు. సత్యజిత్ రాయ్ కెమెరామన్ సుబ్రతా మిత్రా 1956 నాటి ‘అపరాజితో’లో కాశీ ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేసినప్పుడు, ఆకాశం స్థానంలో తెల్ల గుడ్డ పరిచి, దీపాలను దాని మీదికి కొట్టి, తిరిగొచ్చిన వెలుగులో తీశాడు. పారిస్‌కు ఐదేళ్ల ముందు సంగతి ఇది. ఇద్దరికీ ఒకరి పని ఒకరికి తెలిసి చేసినట్టు ఏ ఆధారమూ లేదు. ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే కాబట్టి జవాబూ ఒకటే వచ్చింది. ఇవాళ హైదరాబాదు షూటింగుల్లో ‘థర్మాకోల్ పెట్టు’ అని కేకెయ్యగానే లైట్‌బాయ్ ఎత్తి పట్టుకునే తెల్ల పలక ఆ చుట్టరికంలోదే.

1961లోనే దెమీ సినిమా ‘లోలా’ వచ్చింది, దాన్ని నాంత్ పట్టణంలో తీశారు. అందులో కిటికీలు, దుకాణాల అద్దాలు వెలుగులో కరిగిపోతుంటాయి. లోపలి మనిషికి ఎక్స్‌పోజర్ పెడితే బయటి వీధి 4 స్టాపులు ఎక్కువవుతుంది. దాన్ని అదుపు చెయ్యడానికి మామూలుగా కిటికీలకు వెలుగు తగ్గించే జెల్ పొర అతికిస్తారు. ఆ సినిమాలో తెలుపును అలాగే వదిలేశారు, ఆ తెలుపే సినిమా రంగైపోయింది. మరుసటి ఏడాది త్రూఫో ‘జ్యూల్ ఎ జిమ్’లో సైకిళ్ల వెంట, వంతెన మీద పరుగు వెంట కెమెరా వెళ్లింది. ఎక్కువమంది చూసిన కుతార్ పని బహుశా ఇదే. జాఁ రూష్, ఎద్గార్ మొరాఁల ‘క్రోనిక్ దాఁ నేతే’ డాక్యుమెంటరీకి పనిచేసిన కెమెరామన్లలో కూడా ఆయన ఉన్నాడు. చప్పుడు తక్కువగా ఉండే కొత్త ఎక్లేర్ నమూనా అక్కడే వీధిలోకి వచ్చింది.

1963 నాటి గొదార్ సినిమా ‘ల మెప్రి’ మొదటి షాట్ గురించి ఒక మాట. రోమ్‌లోని చీనెచిత్తా స్టూడియో ఆవరణలో ట్రాలీ పట్టాలు దూరం నుంచి మనవైపు వస్తుంటాయి. ఒకమ్మాయి పుస్తకం చదువుకుంటూ నడుస్తుంది, ఆమె పక్కనే ట్రాలీ మీద పెద్ద కెమెరా, వెనక మైకు పట్టుకున్న మనిషి. టైటిల్స్ అక్షరాల్లో రావు, గొంతు చదువుతుంది. ట్రాలీ దగ్గరికి వచ్చి ఆగాక కెమెరా వెనక కూర్చున్న మనిషి ముందు ఆకాశం వైపు చూసి, లెన్సును మెల్లగా తిప్పి, దించి, నేరుగా మన కళ్లలోకి పెడతాడు. ఆ మనిషి కుతారే. కెమెరామన్‌కు ఇంతకంటే గౌరవమైన టైటిల్ కార్డు ఎవరూ వేసి ఉండరు. ఆ సినిమాలో కాప్రి దీవి మీద కాసా మలపార్తె మేడ, కింద సముద్రం. 50 స్పీడు ఫిల్ముకు కడుపునిండా ఎండ. అక్కడ ఆయన చేసిందల్లా ఎండకు అడ్డు రాకపోవడం, దానికీ ధైర్యం కావాలి. స్టూడియో అలవాటున్న వాళ్లు మొహాల నీడలు నింపడానికి ఆర్కు లైట్లు మోసుకెళ్లేవారు.

గొదార్ పంతం ప్రతిసారీ నెగ్గలేదు. 1965లో ‘ఆల్ఫావిల్’ను రాత్రి పారిస్‌లో, మళ్లీ హెచ్‌పీఎస్ మీద, అదనపు లైట్లు లేకుండా తీశారు. వెలుగు చాలదని కుతార్ చెప్పినా షాట్లు తీశారు, కొన్ని పనికిరాకుండా పోయాయి. స్పీడు పెంచడానికి ఎక్కువసేపు డెవలప్ చేస్తే ఫిల్ములో పడిన వెలుగే పెరిగి కనిపిస్తుంది, అసలు పడనిది పుట్టదు. నీడలో వివరం ఫిల్ముకు తగలకపోతే ఏ రసాయనమూ దాన్ని తేలేదు, గ్రెయిన్ మాత్రం పెరుగుతుంది. మిగిలిన సినిమాలో ఆ నల్లటి వెలితి భవిష్యత్తు నగరంలా కనిపించిందంటే అందులో సగం పంతం, సగం అదృష్టం.

అదే ఏడాది ‘పియెరో ల ఫు’ టెక్నిస్కోప్‌లో వచ్చింది. ఆ పద్ధతిలో ఫ్రేముకు 4 రంధ్రాల బదులు 2 రంధ్రాల ఎత్తే వాడతారు. ఫిల్ము సగం ఖర్చవుతుంది, 120 మీటర్ల మ్యాగజైన్ 4 నిమిషాల 23 సెకన్లకు బదులు 8 నిమిషాల 46 సెకన్లు నడుస్తుంది. వెడల్పు బొమ్మ కోసం బరువైన ఎనామార్ఫిక్ లెన్సులు మొయ్యక్కరలేదు. నష్టం ల్యాబ్‌లో తెలుస్తుంది. సగం నెగటివ్‌ను పెద్దది చేసి ప్రింటు తియ్యాలి, గ్రెయిన్ కూడా దానితోపాటే పెద్దదవుతుంది.

1967 నాటి ‘దూ ఉ త్రువా షోజ్’లో కాఫీ కప్పు షాట్ ఉంది. తెర నిండా నల్లటి కాఫీ, మీద తిరిగే నురగ, గొదార్ గుసగుస. వస్తువు ఫిల్ము మీద నిజం పరిమాణంలో పడేంత దగ్గరికి వెళ్తే వెలుగు 2 స్టాపులు తగ్గుతుంది, ఫోకస్ లోతు మిల్లీమీటర్లకు చిక్కిపోతుంది. అపెర్చరు మూయాలి, మూయాలంటే వెలుగు పెంచాలి, కాఫీ నూనెలా మెరుస్తుంది కనుక దీపం అందులో అద్దంలోలా కనిపిస్తుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి.

అదే ఏడాది చివర్లో వచ్చిన ‘వీకెండ్’లో ట్రాఫిక్ జామ్ షాట్‌కు సుమారు 300 మీటర్ల ట్రాక్ వేశారు. షాట్ 8 నిమిషాలకు దగ్గరగా నడుస్తుంది. అంటే సెకనుకు 60 సెంటీమీటర్లు, ముసలాయన నడక కంటే నెమ్మది. ఇంత నెమ్మది ట్రాలీలో తోసేవాడి అడుగు ప్రతిదీ కనిపిస్తుంది, ట్రాక్ జాయింట్లు వెంట్రుకవాసి ఎత్తుపల్లాలున్నా బొమ్మ ఉలిక్కిపడుతుంది. మధ్యలో అక్షరాల కార్డులు పడతాయి కాబట్టి ఒక్క ముక్క షాటని ప్రమాణం చెయ్యక్కరలేదు. ఇక్కడ భుజం మీది కెమెరా లేదు, సహజమైన తడబాటు లేదు. ఆ షాట్ నిండా క్రమశిక్షణే. కుతార్‌ను ‘చేతి కెమెరా మనిషి’ అనేవాళ్లు ఈ షాట్‌ను మర్చిపోతుంటారు.

దాని తర్వాత గొదార్‌తో దారులు వేరయ్యాయి, మళ్లీ కలవడానికి సుమారు 15 ఏళ్లు పట్టింది. దర్శకుడు కోస్తా గావ్రాస్ కుతార్ కెమెరాతో ‘జెడ్’ను అల్జీరియాలో తీశాడు. అది 1969లో వచ్చి, ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. వీధి గుంపుల మధ్య వార్తాచిత్రపు వేగాన్ని జనరంజకమైన థ్రిల్లర్‌కు పట్టుకొచ్చిన సినిమా అది. ఆనాటి నుంచి రాజకీయ థ్రిల్లర్లు తీసేవాళ్లు ఆ చూపును అరువు తెచ్చుకుంటూనే ఉన్నారు. 1970లో వియత్నాంలో తీసిన ‘హోవా బిన్’తో కుతార్ దర్శకుడయ్యాడు. యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కథ. ఆస్కార్ నామినేషను దాకా వెళ్లింది. తర్వాత 1980లో ‘లా లెజియోఁ సోత్ సుర్ కొల్వెజి’, ఆ తర్వాత ఇంకొకటి తీశాడు. దర్శకుడిగా మొదటి సినిమా స్థాయిని మళ్లీ అందుకోలేదనే చెప్పాలి.

సెజార్ తెచ్చిన ‘ల క్రాబ్ తాంబూర్’ పాత మిత్రుడు షోండోర్‌ఫేర్‌ది. ఫ్రెంచి నౌకాదళ ఓడ ‘జొరెగిబెరి’ మీద, ఉత్తర అట్లాంటిక్ చలికాలంలో తీశారు. పైకి చూస్తే గొదార్ పారిస్‌కూ దీనికీ పోలిక లేదు. లెక్క మాత్రం పాతదే. ఓడ గది అంటే కదలని ఇనుప గోడలు, చేతికందే పైకప్పు, చిన్న గుండ్రటి కిటికీ. లైటు స్టాండు నిలబెడితే ఓడ ఊగినప్పుడు పడిపోతుంది. పైకప్పు వెలుగు నేర్చిన మనిషికి ఇంతకంటే తెలిసిన చోటు ఉండదు. డెక్ మీద సంగతి వేరు. మబ్బు, పొగమంచు, నురగ అన్నీ బూడిద రంగే. మీటరు వాటిని నమ్మి చెప్పిన అంకె పెడితే మొహాలు నల్లబడతాయి, అందుకే చేతి దగ్గర పడే వెలుగును కొలిచి ఎక్స్‌పోజర్ పెట్టుకోవాలి. దూరపు నీలిమ ఫిల్ము మీద కంటికి కనపడేదానికంటే ఎక్కువగా పడుతుంది, అతినీలలోహిత ఫిల్టరు తప్పదు. ఉప్పు తుంపర లెన్సు మీద ఎండితే వెలుగున్న చోటల్లా పొగలాంటి వలయం కడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు గీరుతుంది, ముందు మంచినీళ్ల తడి కావాలి. అదే సినిమాకు జాఁ రొష్‌ఫోర్ ఉత్తమ నటుడిగా, జాక్ ద్యుఫీలో ఉత్తమ సహాయ నటుడిగా సెజార్ అందుకున్నారు. ముసురు పట్టిన ఆ ముఖాల్లో కెమెరా వాటా ఎంతో తెర చూస్తే తెలుస్తుంది.

మళ్లీ గొదార్‌తో చేసిన ‘పాసియోఁ’కు వచ్చిన కాన్ బహుమతిలో ఒక చిలిపితనం ఉంది. రెంబ్రాంట్, గోయా, దెలాక్రువా చిత్రాలను బతికున్న మనుషులతో స్టూడియోలో నిలబెట్టి తీయబోయే దర్శకుడి కథ అది. అతని గొడవంతా వెలుగు కుదరడం లేదనే. సినిమాలో కుదరని వెలుగుకు బయట బహుమతి వచ్చింది. పనిగా చూస్తే అక్కడ కుతార్ 1961లో వదిలించుకున్న ఇబ్బందులన్నిటినీ మళ్లీ నెత్తికెత్తుకున్నాడు. రెంబ్రాంట్ గుంపులో ఒక పిల్ల మీదే వెలుగు పడాలి, పక్కవాడి భుజం చీకట్లో ఉండాలి. పైకప్పు వెలుగు అక్కడ పనికిరాదు. దూరం నుంచి ఒక పక్క కొట్టే దీపం, దాన్ని అంచుల్లో కోసే నల్ల పలకలు, నిలబడ్డ చోటు నుంచి అంగుళం కదలని మనుషులు కావాలి. స్టూడియో పద్ధతి తెలియక దాన్ని కాదన్నవాడు కాడని ఆ షాట్లు చూపిస్తాయి. మరుసటి ఏడాది ‘ప్రెనోఁ కార్మెన్’లో మళ్లీ కిటికీ వెలుగు, గదిలో ఉన్న దీపాలు. వెనిస్‌లో ఆ సినిమాకు అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది, సాంకేతిక బహుమతిని కుతార్, శబ్దం చూసిన ఫ్రాన్స్వా మ్యూజీ పంచుకున్నారు.

ఆఖరి దశలో దర్శకుడు ఫిలిప్ గారెల్ ఆయన్ను పిలిపించుకున్నాడు. 1993లో ‘లా నెసాన్స్ ద లమూర్’, 1996లో ‘ల కర్ ఫాంతోమ్’, 2001లో ‘సొవాజ్ ఇనొసాన్స్’. ఆ చివరి సినిమా విడుదలయ్యేనాటికి కుతార్‌కు 77 నిండాయో లేదో. 2007లో జ్ఞాపకాల పుస్తకం వేశాడు, 2016 నవంబరు 8న 92 ఏళ్ల వయసులో చనిపోయాడు. గారెల్ సినిమాల నాటికి 1959 యాతన తీరిపోయింది. 1989లోనే కొడాక్ 500 స్పీడు రంగుల నెగటివ్‌ను మామూలు సరుకుగా మార్కెట్లో పెట్టింది. 300 మీటర్ల డబ్బా తెరిస్తే ఒక్క అతుకు లేకుండా 11 నిమిషాలు నడిచేది, ఏ ల్యాబ్ అయినా మారుమాట లేకుండా కడిగేది. ‘సొవాజ్ ఇనొసాన్స్’ను మాత్రం నలుపు తెలుపులో తీశారు.